తిరుపతి ఎండలో కారు బ్యాటరీ, కేబుళ్ళు: మూడు వేసవులు వాడాక నా మాట

ముందే తేల్చి చెప్పేస్తాను. మన తిరుపతిలో తిరిగే చిన్న పెట్రోల్ కారుకు కంపెనీ ఇచ్చిన సైజు బ్యాటరీ చాలు. సెల్ఫ్ సరిగ్గా తిరగడం లేదని ఎవరైనా పెద్ద బ్యాటరీ అంటగట్టబోతే, డబ్బు తీసే ముందు కేబుళ్ళు చూపించుకోండి. అందులోనూ ముందు నెగటివ్ వైపు ఎర్త్ కేబుల్, అంటే బ్యాటరీని ఇంజన్‌కు, బాడీకి కలిపే తీగ. నా కారుకు రెండు కేబుళ్ళూ కొత్తవి కట్టించి మూడు వేసవులు దాటాయి. ఆ తర్వాత బ్యాటరీ కూడా వయసు తీరి ఒకసారి మారింది. కాబట్టి రెండింటి గురించీ కాస్త నమ్మకంగానే మాట్లాడగలను.

బండి పదేళ్ళు దాటిన 1.2 లీటర్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. రోజూ రేణిగుంట రోడ్డులో ఆఫీసుకు, వీలైనప్పుడు కొండకు, పండగలకు భాకరాపేట ఘాట్ దాటి పీలేరు వైపు మా అత్తగారి ఊరికి పోతుంది. బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది, అమరాన్. కరకంబాడిలో ఫ్యాక్టరీ కళ్ళెదుట ఉన్నాక ఇక్కడ చాలామంది వేరేది అడగరు. 1985లో గల్లా రామచంద్ర నాయుడు మొదలుపెట్టిన సంస్థ అది. ఊరి అభిమానం పక్కన పెట్టి చూసినా ఆ బ్యాటరీ మీద నాకు ఫిర్యాదు లేదు. తంటా అంతా దానికి తగిలించిన తీగల దగ్గరే వచ్చింది.

లక్షణం ఎలా ఉండేదంటే, పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క తిప్పుకే స్టార్టయ్యేది. మధ్యాహ్నం ఎండలో వచ్చి, పళ్ళు కొనడానికి అయిదు నిమిషాలు ఆపి మళ్ళీ తాళం తిప్పితే మాత్రం సెల్ఫ్ నీరసంగా మూలిగేది. ఒక్కోసారి టక్కుమని ఊరుకునేది. కాసేపు ఆగితే మళ్ళీ మామూలే. హెడ్‌లైట్లు, హారన్ ఎప్పుడూ తగ్గలేదు.

ఈ తేడాను గమనించడం ముఖ్యం. బ్యాటరీ బలహీనపడితే అది మొదట బయటపడేది పొద్దున్నే. రాత్రంతా నిలబడి, ఇంజన్ ఆయిల్ చిక్కబడి ఉన్నప్పుడు. వేడెక్కిన బ్యాటరీ నిజానికి కరెంటు బాగానే ఇస్తుంది. అదే రాగి సంగతి తిరగబడి ఉంటుంది. వేడి ఒక డిగ్రీ పెరిగితే రాగి నిరోధం 0.4 శాతం దాకా పెరుగుతుంది. బానెట్ కింద 25 నుంచి 85 డిగ్రీలకు పోతే ఇరవై శాతం పైనే. తీగ ఆరోగ్యంగా ఉంటే ఈ పెరుగుదల లెక్కలోకే రాదు. అప్పటికే తుప్పు పట్టి కొన ఊపిరితో ఉన్న తీగకు మాత్రం అదే చాలు. వేడి మీద మొరాయించే సెల్ఫ్ అంటే కేబులో, సెల్ఫ్ మోటరో అని నా అనుమానం మొదలైంది అక్కడే.

ఒక బ్యాటరీ షాపుకు పోతే, అతను కరెంటు లాగి బలం చూసే లోడ్ టెస్టర్ కూడా పెట్టకుండా "దీని పని అయిపోయింది సార్, సీసీఏ ఎక్కువుండేది ఏసుకోండి" అని ఇంకో సైజు పెద్దది చూపించాడు. బ్యాటరీ మీద ఉండే అంకెల్లో జనాన్ని ఎక్కువ కంగారు పెట్టేది ఈ సీసీఏనే, అంటే కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్. పూర్తిగా చార్జ్ చేసిన బ్యాటరీని మైనస్ 18 డిగ్రీలకు చల్లబరిచి, 30 సెకన్ల పాటు కరెంటు లాగుతారు. వోల్టేజి 7.2కి దిగకుండా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలిగిందో అదే ఆ అంకె. ఇది అమెరికా పద్ధతి. యూరప్ పద్ధతిలో 10 సెకన్లు, 7.5 వోల్టులు. ఏ పద్ధతో చూడకుండా రెండు కంపెనీల సీసీఏలు పక్కపక్కన పెట్టి పోల్చడం అనవసరం. మైనస్ 18 మాట దేవుడెరుగు, మన దగ్గర డిసెంబరులో తిరుమల కొండ మీద తెల్లవారుజామున కూడా నీళ్ళు గడ్డకట్టవు. ఇక్కడ ఆ అంకెతో ఒక్కటే ఉపయోగం ఉంది. ఒకే సైజు బ్యాటరీల్లో సీసీఏ ఎక్కువున్నదానికి లోపలి నిరోధం తక్కువ. రెండు మూడేళ్ళు వాడాక టెస్టర్ పెట్టించి, కొత్తప్పటి అంకెతో పోల్చుకుంటే ఎంత అరిగిందో తెలుస్తుంది.

మన ఎండల్లో నేను దానికంటే పట్టించుకునేవి వేరే. ఆంపియర్ అవర్ అంటే 20 గంటల లెక్క. 35 అని ఉంటే 1.75 ఆంపియర్ల చొప్పున 20 గంటలు ఇస్తుందని, వోల్టేజి 10.5కి దిగేదాకా. ఎక్కువ కరెంటు లాగితే అంత దక్కదు. అందుకే రిజర్వ్ కెపాసిటీ అని ఇంకో అంకె ఉంటుంది. 25 ఆంపియర్లు లాగుతూ పోతే ఎన్ని నిమిషాలు నిలబడుతుందో చెప్పేది. ఉదాహరణకు 50 నిమిషాలు అని ఉంటే లెక్క కట్టండి, దాదాపు 21 ఆంపియర్ అవర్లే చేతికొచ్చినట్టు. రాత్రి భాకరాపేట ఘాట్లో వాన పడుతుండగా బెల్టు తెగి డైనమో ఆగిందనుకోండి. లైట్లు, వైపర్ వేసుకుని కిందికి దిగడానికి మీకున్న టైము అదే. కుటుంబంతో ఘాట్లు తిరిగేవాళ్ళు సీసీఏ కంటే ఈ అంకెను అడగాలని నా అభిప్రాయం. షాపుల్లో చాలామంది చెప్పరు, స్టిక్కరు మీదో కంపెనీ పట్టికలోనో వెతుక్కోవాలి.

ఇక 38బి20ఎల్ లాంటి కోడు చూసి "38 ఆంపియర్లు" అనే షాపువాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఇది జపాన్ పద్ధతి కోడు. 38 అనేది సామర్థ్యపు ర్యాంకు మాత్రమే, ఆ కోడుతో మన దగ్గర దొరికేది మామూలుగా 35 ఆంపియర్ అవర్లది. బి అనేది వెడల్పు, ఎత్తుల తరగతి. 20 అంటే సెంటీమీటర్లలో పొడవు. చివరి ఎల్ లేదా ఆర్ టెర్మినళ్ళు ఎటుపక్క ఉన్నాయో చెబుతుంది. అది తారుమారైతే కేబుల్ అందదు, బలవంతంగా లాగి తగిలిస్తారు. ఇంకో చిక్కు టెర్మినల్ లావు. ఈ చిన్న సైజులో సన్న టెర్మినళ్ళు వస్తాయి. మామూలు లావు టెర్మినల్ అయితే పాజిటివ్ పైభాగం 17.5 మిల్లీమీటర్లు, నెగటివ్ 15.9.

అంతకు ముందెప్పుడో నా కారుకు ఎవరో లావు టెర్మినల్‌కు సరిపోయే క్లాంపు వేశారు. సన్న టెర్మినల్ మీద అది వదులై ఊగుతుంటే, సందులో ఒక మేకు కొట్టి ఊరుకున్నారు. బానెట్ ఎత్తి పైన పేరుకున్న తెల్లటి పొడి కడిగితే ఆ మేకు తల బయటపడింది. టెర్మినల్ సీసం మీద లోతుగా గాడి పడిపోయింది.

కొలవడం పెద్ద విద్యేం కాదు. మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక పిన్ను నెగటివ్ టెర్మినల్ సీసం మీదే పెట్టాలి, క్లాంపు మీద కాదు. రెండోది ఇంజన్ బ్లాకు మీద గీకి శుభ్రం చేసిన చోట. గేరు న్యూట్రల్లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజన్ అంటుకోకుండా పెట్రోల్ పంపు ఫ్యూజు తీసేసి ఇంకొకరు సెల్ఫ్ కొట్టాలి. మా అబ్బాయి కొట్టాడు. మీటరు 0.9 వోల్టు చూపించింది, అంటే ఎర్త్ దారిలోనే అంత పోతోందన్నమాట. ఎర్త్ వైపు 0.2, మహా అయితే 0.3 దాటకూడదు. పాజిటివ్ వైపు, అంటే బ్యాటరీ టెర్మినల్ నుంచి సెల్ఫ్ మోటరు బోల్టు దాకా, 0.4 వచ్చింది. అక్కడ అర వోల్టు దాకా సరిపెట్టుకోవచ్చు. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ దగ్గర 10.6 ఉంది. 9.6 కంటే పడనంతవరకూ బ్యాటరీని అనుమానించే పనిలేదు. అంటే బ్యాటరీ తన పని తను చేస్తోంది, మోటరుకు చేరేది మాత్రం 9.3.

ఓమ్‌లలో పెట్టి కేబుల్ చూసి "బాగుంది" అనేవాళ్ళను నమ్మకండి. ఈ సైజు సెల్ఫ్ 120 ఆంపియర్ల దాకా లాగుతుందనుకుంటే 0.9 వోల్టు పోవడానికి 7.5 మిల్లీ ఓమ్‌లు చాలు. చేతి మీటరుకు అది సున్నాతో సమానం. లోడ్ మీద, అంటే సెల్ఫ్ తిరుగుతుండగా కొలిస్తేనే దొంగ దొరుకుతాడు. దీనికి పెద్ద బ్యాటరీ వేయడమంటే అలిపిరిలో ఒక్క కౌంటరే తెరిచి రోడ్డు వెడల్పు చేయడమే.

కరకంబాడి రోడ్డు వైపు ట్రాక్టర్లకు, బోరు లారీలకు కేబుళ్ళు కట్టే చిన్న షాపు ఉంది. అతనికి మీటరు అంకెలు చెబితే నవ్వి, "బ్యాటరీ బాగానే ఉండాదినా, ఈ ఎర్త్ తీగ చూడండి" అని పాత కేబుల్ తొడుగును బ్లేడుతో చీరాడు. లగ్గు, అంటే తీగ చివర నొక్కి బిగించే లోహపు ముక్క, దాని నుంచి జానెడు దూరం దాకా రాగి ఆకుపచ్చగా మారి, వేళ్ళతో నలిపితే పొడిపొడిగా రాలింది. పైకి నల్ల తొడుగు నిగనిగలాడుతూనే ఉంది. ఆమ్లం ఆవిరి లగ్గు దగ్గర లోపలికి దూరి, తీగపోగుల వెంట పాకుతుంది. టెర్మినల్ పైన వంటసోడా నీళ్ళతో ఎంత కడిగినా లోపలిది పోదు.

కొత్తది 25 స్క్వేర్ మిల్లీమీటర్ల రాగి కేబుల్. పాతదానికంటే ఒక మెట్టు లావు. కొనేటప్పుడు ఒక పోగు తీసి బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. దాని మీద కూడా సీసీఏ అనే ముద్ర ఉండొచ్చు, బ్యాటరీ సీసీఏకు దీనికి చుట్టరికం లేదు. రాగితో పోలిస్తే మూడింట రెండొంతుల కరెంటే మోస్తుంది, లగ్గు దగ్గర త్వరగా వదులవుతుంది. చేత్తో పట్టుకుంటేనే తేలిక తెలిసిపోతుంది. లగ్గులు తగరం పూసిన రాగివి, హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కించాను. సుత్తితో కొట్టి బిగించే చోట కట్టించుకోకండి. దాని పైన, వేడి చేస్తే ముడుచుకుని అతుక్కునే హీట్ ష్రింక్ స్లీవు, లోపల జిగురుండేది. ఆ జిగురే ఆవిరిని ఆపుతుంది. ఈ ఒక్కదానికి బేరం ఆడలేదు నేను.

విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. పాజిటివ్ విప్పుతుండగా పదో నంబరు పానా బాడీకి తగిలినా, నెగటివ్ తీసి ఉంటే ఏమీ కాదు. లేదంటే పానా అక్కడే వెల్డయిపోతుంది. చేతి ఉంగరం, గొలుసు తీసి పక్కన పెట్టండి. పాజిటివ్ వైపు క్లాంపు మీదే ఫ్యూజుల పెట్టె ఉండే కార్లుంటాయి. అలాంటివాటికి సెల్ఫ్‌కు పోయే తీగను మాత్రమే కట్టించుకుని, ఫ్యూజు భాగం కంపెనీదే కొనాలి. ఇంకా పెద్ద విషయం, సెల్ఫ్ తీగకు మామూలుగా ఫ్యూజు ఉండదు. అది సైలెన్సర్ పైపుకో, పదునైన అంచుకో రాసుకుంటే మంట లేచినా ఆపేది ఏదీ ఉండదు. పాత తీగ పోయిన దారిలోనే, ముడతల గొట్టం తొడిగి, పాత క్లిప్పులన్నీ పెట్టించాను. కూలీతో కలిపి ఖర్చు కొత్త బ్యాటరీ ధరలో మూడో వంతు కూడా కాలేదు.

బిగించాక ఎర్త్ వైపు 0.1, పాజిటివ్ వైపు 0.2. మధ్యాహ్నపు మూలుగు ఆరోజుతో సరి. షాపువాడు పని అయిపోయిందన్న ఆ బ్యాటరీతోనే ఇంకో ఏడాది పైగా నడిపాను. అది పోయింది కూడా పద్ధతిగానే పోయింది. రాత్రి ఆపినప్పుడు 12.6 ఉండే వోల్టేజి పొద్దునకు 12.2కు దిగడం మొదలైంది, పొద్దున్న స్టార్టింగే బరువైంది. మే నెలలో 42, 43 డిగ్రీలు చూసే ఊళ్ళో బ్యాటరీని చంపేది వేడే. పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమని ఈ రంగంలో వాడే మోటు లెక్క. నీడలో పార్కింగ్ దొరికిన వాడి బ్యాటరీకి, దొరకని వాడి దానికి తేడా అందుకే. కొత్తది కూడా అదే సైజు తీసుకున్నాను. తయారైన నెల కోడు చూసి, షాపులో ఎక్కువ కాలం పడి ఉన్నది కాకుండా తాజాది అడిగాను. వారంటీ కార్డు మీద తేదీ, ముద్ర వేయించాను. పాతది అక్కడే ఇచ్చేస్తే ధర తగ్గిస్తారు, సీసం తిరిగి కరిగించే చోటికి పోతుంది.

బ్యాటరీ మీద చార్జ్ చూపించే పచ్చ కన్ను చూసి మురిసిపోకండి. ఆరు గదుల్లో అది చూపించేది ఒక్కదాని సంగతే.

నచ్చనివీ ఉన్నాయి. లావు కేబుల్ మొండిది. వంపు తిరగదు, పాజిటివ్ మీది ఎర్ర టోపీ ఇప్పటికీ పూర్తిగా మూసుకోదు. బ్యాటరీ తీసి పెట్టినప్పుడల్లా గడియారం సరిచేసుకోవాలి, ఇంజన్ ఐడ్లింగ్ ఒకటి రెండు రోజులు ఎగుడుదిగుడుగా ఉంటుంది. సిగ్నల్ దగ్గర తనంతట తనే ఆగి స్టార్టయ్యే కొత్త కార్లకు ఈ కథ మొత్తం వర్తించదు. వాటికి పదేపదే స్టార్ట్ చేయడాన్ని తట్టుకునే ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకం బ్యాటరీయే వేయాలి. చాలావాటికి నెగటివ్ క్లాంపులోనే సెన్సర్ ఉంటుంది, దాన్ని కోసి వేరే లగ్గు వేయిస్తే చార్జింగ్ లెక్క తప్పుతుంది. అలాంటి కారున్నవాళ్ళు రెడీమేడ్ కేబులే కొనుక్కోండి.

మొన్న ఎండలు ముదిరాక మళ్ళీ కొలిచాను. ఎర్త్ 0.15కి వచ్చింది. క్లాంపు విప్పి, బ్రష్ కొట్టి, వ్యాజ్‌లీన్ పూసి బిగిస్తే మళ్ళీ 0.1. ఇంజన్ నుంచి బాడీకి పోయే అల్లిక పట్టీ మాత్రం ఇంకా పాతదే ఉంది, వచ్చే సర్వీసులో అది కూడా మార్పిస్తాను.