విండోస్ 7 సిస్టమ్‌లో పీడీఎఫ్‌లకు సుమత్రా: పనికొచ్చేదెక్కడ, రానిదెక్కడ

అమలాపురం, రాజోలు, భీమవరం వైపు జిరాక్స్ షాపుల్లో, ఇళ్లల్లో విండోస్ 7 సిస్టమ్‌లు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. ర్యామ్ రెండు జీబీ, హార్డ్‌డిస్కు పాతది. పొలం అడంగల్, 1బి, ఆస్తి లావాదేవీల ఈసీ, ఇ-ఆధార్ అన్నీ పీడీఎఫ్‌లే కదా, బ్రౌజర్‌లో నొక్కితే తెల్ల పేజీ వచ్చి కూర్చుంటుంది. ఇలాంటి సిస్టమ్‌కి సుమత్రా పీడీఎఫ్ అనే, పీడీఎఫ్‌లు తెరిచే చిన్న సాఫ్ట్‌వేర్ వేసుకోవడం మంచి పని. ఉచితం, ప్రకటనల గోల లేదు. పోర్టబుల్ రకం ఒక్కటే ఫైలు, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నా నడుస్తుంది. ఇంకా ఎక్స్‌పీ మీదే ఉన్నవాళ్లు 3.1.2 వెర్షన్ వెతుక్కోవాలి, ఆ తర్వాతవి ఎక్స్‌పీలో తెరుచుకోవు.

దీని బలమంతా బ్రౌజర్ నెత్తిన బరువు తీసేయడంలో ఉంది. విండోస్ 7కి క్రోమ్ 109తోనే ఆగిపోయింది, ఫైర్‌ఫాక్స్ అయితే 115 ఈఎస్ఆర్ (ఎక్కువ కాలం మద్దతుండే రకం)తో. రెండూ పీడీఎఫ్‌ని తమలోనే చూపిస్తాయి గానీ, నాలుగు ట్యాబ్‌లు తెరిచి ఉన్నప్పుడు నలభై పేజీల స్కాన్ కాపీ వచ్చిందంటే ర్యామ్ చాలదు. ఫైర్‌ఫాక్స్‌లో సెట్టింగ్స్, జనరల్, అప్లికేషన్స్‌లోకి వెళ్లి పోర్టబుల్ డాక్యుమెంట్ ఫార్మాట్ ఎదురుగా 'యూజ్ అదర్' నొక్కి సుమత్రాని చూపించండి. క్రోమ్‌లో సైట్ సెట్టింగ్స్ కింద అడిషనల్ కంటెంట్ సెట్టింగ్స్, అందులో పీడీఎఫ్ డాక్యుమెంట్స్. అక్కడ 'డౌన్‌లోడ్ పీడీఎఫ్స్' పెడితే చాలు. రెండింట్లో ఫైర్‌ఫాక్సే మేలు. 115కి భద్రతా సవరణల గడువు పలుమార్లు పొడిగించారు, క్రోమ్ 109ది ఎప్పుడో అయిపోయింది.

సుమత్రా కూడా 'తెరవలేను' అందంటే తప్పు దానిది కాకపోవచ్చు. ఆ ఫైల్ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మొదటి వరుసలో పర్సెంట్ గుర్తు, దాని వెంట ఇంగ్లీషులో పీడీఎఫ్ అనే అక్షరాలు ఉండాలి. వాటి బదులు హెచ్‌టీఎంఎల్ అని కనిపిస్తే సైట్‌లో లాగిన్ గడువు తీరి, ఆ లాగిన్ పేజీయే పీడీఎఫ్ పేరుతో దిగిందన్నమాట. మళ్లీ లాగిన్ అయి దింపుకోవాలి. ఫైలు సున్నా కేబీ ఉంటే డౌన్‌లోడ్ మధ్యలో తెగింది. కరెంటు పోయి వచ్చే ఊళ్లలో ఇది మామూలే.

అసలు సైటే తెరుచుకోకుండా, సైట్ భద్రతా సర్టిఫికెట్ తప్పు అని బ్రౌజర్ అంటుంటే ముందు కింద మూల గడియారం చూడండి. తేదీ ఏళ్ల వెనక్కి పోయి ఉంటే మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ అయిపోయింది. కొత్తది వేసి తేదీ సరిచేస్తే సరి. దీనికి విండోస్ మళ్లీ ఎక్కించేవాళ్లున్నారు, డబ్బు దండగ.

ఇక సుమత్రా లోపాలు. ప్రింటు ఇచ్చేటప్పుడు ఒక్కో పేజీనీ బొమ్మగా మార్చి పంపుతుంది, అందుకని స్పూల్ ఫైలు (ప్రింటర్‌కి పంపేందుకు సిస్టమ్ తయారుచేసే ఫైలు) పెద్దదై పాత ప్రింటర్లు నెమ్మదిస్తాయి. పేజీలు ఎక్కువుంటే పది పదిగా పంపండి. అంచులు తెగుతుంటే ప్రింట్ డైలాగ్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌కి వెళ్లి 'ష్రింక్ టు ప్రింటబుల్ ఏరియా' ఎంచుకోవాలి.

అసలైన లోటు డిజిటల్ సంతకం. ఇ-ఆధార్ మీద పసుపు ప్రశ్నార్థకం ఇందులో ఎంత సేపున్నా పచ్చ టిక్కు కాదు, ఎందుకంటే సుమత్రా సంతకాన్ని సరిచూడదు. దానికి అడోబ్ రీడర్ కావాలి. సంతకం మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, సైనర్స్ సర్టిఫికెట్ తెరిచి, వరుసలో అన్నిటికన్నా పైనున్న సీసీఏ ఇండియా (డిజిటల్ సంతకాలకు మూలమైన ప్రభుత్వ సర్టిఫికెట్)ని పట్టుకుని, ట్రస్ట్ ట్యాబ్‌లో 'యాడ్ టు ట్రస్టెడ్ సర్టిఫికెట్స్' నొక్కి, మళ్లీ వాలిడేట్ చేయాలి. ఒక సిస్టమ్‌లో ఒకసారి చేస్తే చాలు.

సుమత్రా వేసినంత మాత్రాన విండోస్ 7 కొత్తదైపోదు. 2020 జనవరి 14తో మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. కాగితాలు దింపి ప్రింటు తీయడానికి వాడుకోండి గానీ, బ్యాంకు లావాదేవీలు మాత్రం ఆ సిస్టమ్‌లో వద్దు.