డబ్బా చూసి బ్రేక్ ప్యాడ్లు కొనకండి, ప్యాడు అంచు చూసి కొనండి

కారుకు బ్రేక్ ప్యాడ్లు మార్పించబోయేవాళ్లు కాస్త జాగ్రత్త. పేరున్న కంపెనీ డబ్బాలో, సీలు కూడా చెక్కుచెదరకుండా అమ్మిన ముందు చక్రాల సెట్టు ఒకటి విప్పి చూస్తే, నాలుగు ప్యాడ్లలో రెండింటికి లైనింగు, అంటే రాపిడితో బండిని ఆపే పొర, వెనకున్న ఇనుప ప్లేటును వదిలేసి ఉంది. పైకి నిగనిగలాడుతూ కొత్తగానే ఉన్నాయి, మందం కూడా నిండుగా ఉంది. అంచు దగ్గర మాత్రం ప్లేటుకూ లైనింగుకూ మధ్య వెంట్రుకంత సన్నని గీత. బ్లేడు మొన ఆనిస్తే సులువుగా లోపలికి దిగింది. ఊడదీసి చూస్తే జిగురు ఉండాల్సిన చోట గోధుమరంగు తుప్పు పొర.

దీన్ని మామూలు అరుగుదలతో కలిపి చూడకండి. అరిగిన ప్యాడు చాలా బళ్లలో ముందే కీచుమని చెబుతుంది. లైనింగు ఊడటానికి ఒక్క గట్టి బ్రేకు చాలు. పది మిల్లీమీటర్ల మందం ఒక్కసారిగా పోతే ఆ ఖాళీని పూడ్చడానికి ప్యాడును నెట్టే పిస్టన్ అంతదూరం బయటికి రావాలి, అందుకే పెడల్ కాలికింద జారిపోతుంది. ఆ తర్వాత ఇనుము ఇనుమును రాస్తుంది. చక్రంతోపాటు తిరిగే ఇనుప పళ్లెం, అంటే డిస్కు కూడా అరిగి పల్చగా ఉంటే పిస్టన్ సీలు దాటి వచ్చేసి బ్రేక్ ఆయిల్ కారిపోయే ప్రమాదం ఉంది.

మంచి తయారీలో ప్లేటును ఇనుప రవ్వలతో కొట్టి తుప్పు, నూనె వదిలిస్తారు. జిగురు పూసి, లైనింగును వేడిమీద గట్టిగా ఒత్తి అతికిస్తారు, ఆ తర్వాత ఓవెన్‌లో కాలుస్తారు. నాసిరకం వాళ్లు ఖర్చు మిగుల్చుకునేది ఇక్కడే. ప్లేటు శుభ్రం చేయకపోతే జిగురు కింద తుప్పు పెరిగి లైనింగును పైకి నెడుతుంది. సరిగా కాల్చకపోతే ఇంకో చిక్కు ఉంది. ఘాట్‌రోడ్డు దిగేటప్పుడు ప్యాడు వేడెక్కి, లైనింగును గట్టిగా పట్టి ఉంచే రెసిన్ గ్యాసు వదులుతుంది, ఆ పొర వల్ల ప్యాడుకు డిస్కు మీద పట్టు పోతుంది. పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. పెడల్ మెత్తగా స్పాంజిలా దిగిపోతే అది వేరే జబ్బు. బ్రేక్ ఆయిల్ మరిగి ఉండాలి, లేదా లైన్లో గాలి చేరి ఉండాలి.

కాబట్టి ప్యాడ్లు బండికి ఎక్కకముందే చూసుకోవాలి. ఒకసారి బిగించాక దుకాణంవాళ్లు సాధారణంగా వాపసు తీసుకోరు. కౌంటరు దగ్గరే డబ్బా విప్పించి నాలుగూ చేతిలోకి తీసుకోండి. అంచు చుట్టూ వెలుతురులో తిప్పి చూడండి. ప్లేటుకూ లైనింగుకూ మధ్య సందు ఎక్కడా కనపడకూడదు. గోరుతో గీస్తే మూలలు పొడిపొడిగా రాలకూడదు. నాలుగింటి మందమూ ఒకేలా ఉండాలి. ప్లేటు మీద బ్యాచ్ నంబరు చెరగకుండా ముద్రించి ఉండాలి, అది డబ్బా మీద ఉన్నదానితో కలవాలి. అక్షరదోషాలున్న డబ్బా, స్కాన్ చేస్తే ఎక్కడికో తీసుకెళ్లే క్యూఆర్ కోడ్ కనపడితే ఇంకేమీ ఆలోచించకుండా వదిలేయండి. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే డబ్బా విప్పేటప్పుడు వీడియో తీసి పెట్టుకోండి.

యూరప్‌లో అమ్మే ప్యాడ్ల మీద వృత్తంలో ఇంగ్లిషు E అక్షరం, ఒక అంకె, తర్వాత 90R తో మొదలయ్యే నంబరు ఉంటాయి. కారుతో వచ్చిన ప్యాడ్లతో పోల్చి పరీక్ష చేశారని ఆ గుర్తు చెబుతుంది, బ్రేకు పనితీరులో 15 శాతానికి మించి తేడా ఉండకూడదు. కానీ ముద్రను కూడా నకలు కొట్టగలరు, అందుకని ముద్ర ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. అంచుమీద ఎఫ్ఎఫ్, జీజీ లాంటి జంట అక్షరాలు కనిపిస్తే అవి రాపిడి గుణకం గుర్తులు. మొదటిది మామూలు వేడిలో, రెండోది బాగా వేడెక్కినప్పుడు. ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. జీ ఉంటే ఎక్కువకాలం మన్నుతుందని అమ్మేవాళ్లు చెప్పే మాటకు ఆధారం లేదు, ఆ అక్షరాలకూ మన్నికకూ సంబంధం లేదు.

ఒకే మోడల్‌కు వేరియంట్‌ను బట్టి రెండు రకాల క్యాలిపర్లు (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాలు) వస్తుంటాయి. బండి పేరు చెప్పి అడగకుండా చాసిస్ నంబరుతో పార్ట్ నంబరు తీయించండి. పాత ప్యాడును కొత్తదాని మీద పెట్టి చెవులు, ప్లేటు మందం, అరిగినప్పుడు కీచుమని చప్పుడు చేసే రేకు ఉన్న వైపు సరిపోల్చండి. కొత్త ప్యాడు, అది కూర్చునే బ్రాకెట్లో వేలితో నెడితే జరగాలి. సుత్తితో కొట్టి దించాల్సి వస్తే తిప్పి పంపించండి. అలా ఇరుక్కున్నది వెనక్కి రాదు, డిస్కును రాసుకుంటూనే తిరుగుతుంది.

అసలు మార్చాల్సిన సమయం వచ్చిందా అన్నది కూడా మీరే తేల్చుకోండి. కొత్త లైనింగు సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది, 3 దగ్గరికి వస్తే మార్చేయాలి. ఇనుప ప్లేటే 5 మిల్లీమీటర్లకు పైన ఉంటుంది. ప్లేటుతో కలిపి కొలిచి ‘ఇంకా ఎనిమిది ఉంది’ అంటే నిజానికి అయిపోవచ్చినట్టే. చక్రం సందుల్లోంచి కనిపించేది బయటి ప్యాడు మాత్రమే. క్యాలిపర్ జరిగే పిన్నులు పట్టేసినా, పిస్టన్ పట్టేసినా ఎక్కువగా అరిగేది లోపలి ప్యాడు. అందుకే చక్రం విప్పించి లోపలిది చూపించమనండి. ఆ రెండింటి మధ్య రెండు, మూడు మిల్లీమీటర్ల తేడా ఉంటే కొత్త ప్యాడ్లు వేసినంత మాత్రాన సరిపోదు, కారణం వెతకాలి.

షెడ్డులో దగ్గరుండి చూడగలిగితే చూడండి. క్యాలిపర్‌ను బ్రేక్ ఆయిల్ గొట్టం మీద వేలాడదీయకూడదు, తీగతో కట్టాలి. బ్రాకెట్లో తుప్పును వైరు బ్రష్‌తో గీకాలి. స్టీలు క్లిప్పులు కొత్తవి వేయాలి. పిన్నులు బయటికి లాగి తుడిచి బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు పూయాలి. మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి పిన్ను పట్టేస్తుంది. పిన్నులు తుడిచి గ్రీజు పూయడమే చాలాచోట్ల ఎగ్గొట్టే పని. పిస్టన్‌ను వెనక్కి నెట్టడానికి కొత్త ప్యాడు మీద స్క్రూడ్రైవర్ ఆనించి తన్నిస్తే లైనింగు పెచ్చులూడుతుంది. పాత ప్యాడు అడ్డుపెట్టి క్లాంపుతో నెమ్మదిగా నెట్టాలి. అప్పుడు పైన ట్యాంకులో ఆయిల్ పొంగవచ్చు, అది పెయింటును తినేస్తుంది. వెనక చక్రాల్లో కొన్ని పిస్టన్లు తిప్పుతూ నొక్కాల్సినవి. ఎలక్ట్రానిక్ హ్యాండ్‌బ్రేకు ఉంటే ముందు సర్వీసు మోడ్‌లో పెట్టాలి. దుమ్మును గాలిపెట్టి ఊదనివ్వకండి, పీల్చకూడదు. బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవాలి.

డిస్కు కనీస మందం దాని మీదే ముద్రించి ఉంటుంది. కొలిచే వెర్నియర్, డిస్కు అంచున అరగకుండా మిగిలిన గట్టు మీద ఆనితే మందం ఎక్కువ చూపిస్తుంది, లోపల అరిగిన చోట మైక్రోమీటర్‌తో కొలవమనండి. ఎడమ, కుడి రెండు చక్రాల ప్యాడ్లూ ఒకేసారి మార్చాలి, ఒక్కవైపే మారిస్తే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగుతుంది.

బండి కదపకముందే పెడల్ గట్టిపడేదాకా నొక్కాలి. ఇది మరిచిపోతే మొదటిసారి పెడల్ నేలదాకా పోతుంది. తర్వాత ఖాళీ రోడ్డు మీద 60 కిలోమీటర్ల వేగం నుంచి 10కి, మధ్యమంగా నొక్కుతూ ఎనిమిది పదిసార్లు తగ్గించండి, పూర్తిగా ఆపకండి. తర్వాత చల్లారనివ్వండి. మొదటి 300 కిలోమీటర్లు అవసరమైతే తప్ప గట్టిగా బ్రేకు వేయకండి. మామూలుగా కొంతదూరం నడిపి ఆపాక చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తాకకుండా. ఒకటి మిగతావాటికన్నా బాగా సెగ కొడితే వెంటనే విప్పించాలి.

పాత ప్యాడ్లు తప్పకుండా అడిగి తెచ్చుకోండి. కొత్తవాటి డబ్బా, బిల్లు పారేయకండి, బ్యాచ్ నంబరు ఫోటో ఉంచుకోండి. లైనింగు లేచినట్టు అనుమానం వస్తే బండి నడపకుండా టో చేయించి షెడ్డుకు చేర్చండి. ఊడిన ప్యాడును తుడవకుండా, తుప్పు కనిపించేలా ఫోటో తీసి, బిల్లుతో సహా ఆ డబ్బా మీది కంపెనీకే నేరుగా పంపండి. దుకాణంవాళ్లు ప్యాడు ఇచ్చేయమని అడిగితే ఫోటోలు పంపేదాకా చేతికివ్వకండి.