కాలిస్టోగా వెళ్తున్నారా? ముందు బురద, తర్వాతే వైన్

తొమ్మిదేళ్ళుగా కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నాం. నాపా లోయ అంటే వైన్ తప్ప ఇంకేమీ ఉండదనుకుని ఎప్పుడూ అటు పోలేదు, మా ఇంట్లో తాగేవాళ్ళు తక్కువ మరి. మొన్న ఫిబ్రవరిలో మామగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు, ఆ లోయకి ఉత్తరం కొసన కాలిస్టోగా అని వేడినీటి బుగ్గల ఊరుందట కదా అని మా ఆవిడ పట్టుబడితే బయల్దేరాం.

దారి రెండు గంటలు. అందరూ 29 నంబర్ హైవేలో పడి ఇరుక్కుంటారు, మీరు తూర్పున దానికి సమాంతరంగా పోయే సిల్వరాడో ట్రెయిల్ పట్టుకోండి. ఆ నెలలో ద్రాక్షతీగల మధ్య ఆవపూలు పసుపు పరిచినట్టు ఉంటాయి. శని, ఆదివారాలు మాత్రం వద్దు.

ఇక అసలు సంగతి, బురద స్నానం. అగ్నిపర్వతపు బూడిద, పీట్ అనే నల్లమట్టి, వేడి ఖనిజ జలం కలిపిన తొట్టి అది (కొన్ని చోట్ల బూడిద ఒక్కటే వాడతారు). దిగితే మునిగిపోతామనుకున్నాను. మునగం! బురద మన కంటే బరువు కదా, పరుపు మీద పడుకున్నట్టు పైనే తేలుతుంటే అక్కడి మనిషి చేతులతో తోడి మెడ దాకా కప్పింది. మోచేయి కాస్త కిందికి నొక్కానో లేదో అడుగున చురుక్కుమంది. సరిగ్గా అప్పుడే ముక్కు దురద మొదలైంది, రెండు చేతులూ బురద కింద, గోక్కునే దారి లేదు, ఆ పనిమనిషి నా నుదుటి మీద చల్లగుడ్డ వేయడానికి వచ్చేదాకా మూతి తిప్పుకుంటూ పడుకున్నాను. పది పన్నెండు నిమిషాలు, అంతే. తర్వాత షవరు, ఖనిజ జలం తొట్టి, ఆవిరి గది, చివరికి దుప్పటి చుట్టి పడుకోబెడతారు. ఆ దుప్పట్లో పట్టిన నిద్ర మా బాబు పుట్టాక నాకు ఎప్పుడూ పట్టలేదు.

మనిషికి వంద డాలర్లు దాటుతుంది, టిప్పు వేరే. నాకైతే గిట్టుబాటే.

గిట్టుబాటు కానిది మామగారికి. బుక్ చేసేటప్పుడు స్నానాల వాళ్ళు ఒక్క ముక్క అడగలేదు, అక్కడికెళ్ళి ఫారం నింపితే బీపీ మాత్రలు వేసుకుంటున్నారని బురదలోకి వద్దన్నారు. వద్దనడం సబబే, కానీ డబ్బు వెనక్కివ్వం, కాళ్ళ మసాజ్ చేస్తాం అనడమే బాగా లేదు. బీపీ, గుండె జబ్బు, గర్భం, ఏదున్నా ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఆయన మాత్రం "మా చేలో నాట్లప్పుడు మోకాలి లోతు బురద ఉచితమే బాబూ" అనేసి ఊరుకున్నారు.

ఆయనకి నచ్చింది ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గీజర్, అంటే నేలలోంచి ఉండుండి వేడినీళ్ళు ఎగజిమ్మే బుగ్గ. ఎల్లోస్టోన్‌లో ఉన్నది వేరు, ఇది ఇక్కడిది. నీళ్ళు ఎగజిమ్మేదాకా కుర్చీలో ఎదురుచూడాలి, ఈలోగా బెదిరితే కాళ్ళు బిగుసుకుని పడిపోయే మేకలున్నాయి, వాటి దగ్గరే నిలబడిపోయారు.

వైన్ కావాలంటే షాటో మాంటెలీనా అనే వైనరీ ఊరి అంచునే ఉంది. 1976లో పారిస్‌లో సీసాల పేర్లు దాచి రుచి చూసిన పోటీలో ఫ్రెంచి వైట్ వైన్లను ఓడించిన 1973 నాటి షార్డొనే రకం వైన్ వీళ్ళదే. ముందే బుక్ చేసుకోండి, కానీ స్నానం అయ్యాక, కడుపులో ఏదైనా పడ్డాకే వెళ్ళండి. మా పక్కన దిగినాయన పొద్దున్నే రెండు చోట్ల తాగి వచ్చాడట, అయిదు నిమిషాలకే తల తిరుగుతోందని లేచిపోయాడు, వంద డాలర్లూ బురదపాలు.

తిండికి చెయిన్ రెస్టారెంట్లు ఉండవు, ఊళ్ళోకి రానివ్వకూడదని వాళ్ళ నిబంధన. లింకన్ అవెన్యూ మీద నడుస్తూ బీన్స్ బరిటో తిన్నాం, మామగారికి ఇంటి పులిహోర.

ఈతబట్టలు వేసుకుని దిగేట్టయితే పాతవే తీసుకెళ్ళండి. సోమవారం ఆఫీసు మీటింగ్‌లో చూసుకుంటే నా గోళ్ళ కింద ఇంకా నల్లగానే ఉంది.