సీపీఎస్‌ఎస్ సాధనకు జాయ్‌స్టిక్, పెడల్స్: 18 నెలలు వాడాక

ఈ సెట్టు మీద కోపమంతా, స్టిక్ ఎంత కదిలిందో కొలవడానికి లోపలున్న ఒక్క చిన్న భాగం మీదే. దాన్ని పొటెన్షియోమీటర్ అంటారు, రేడియో మెకానిక్కుల భాషలో 'వాల్యూమ్'. మిగతావన్నీ ఎలాగోలా సర్దుకోవచ్చు. సీపీఎస్‌ఎస్ అంటే ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్ బ్రాంచ్‌కి పైలట్లని ఎంచడానికి కంప్యూటర్ మీద పెట్టే పరీక్ష, అది జన్మకి ఒక్కసారే. దీనికి ముందుండే పాత పరీక్ష పీఏబీటీలోనూ అదే నియమం. అలాంటప్పుడు చేతికి తప్పు అలవాటు అంటించే పరికరంతో కూర్చోవడం కంటే ఏ పరికరమూ లేకుండా వెళ్లడమే మేలు.

శ్రీకాకుళంలో అద్దె గది, పాత ల్యాప్‌టాప్, సెకండ్ హ్యాండ్ జాయ్‌స్టిక్, విడిగా కొన్న రడ్డర్ పెడల్స్. రోజూ ముగ్గురు మార్చి మార్చి వాడేవాళ్లు. స్టిక్‌తో తెర మీది చుక్కని పైకీ కిందికీ, పెడల్స్‌తో పక్కలకీ కదుపుతూ నడిమి గడిలో నిలబెట్టాలి. మధ్యమధ్యలో లైటు వెలిగినా, బీప్ మోగినా ఎడమ చేత్తో ఆపాలి. మొదటి నాలుగు నెలలూ ఏ లోటూ లేదు.

అయిదో నెలలో చుక్క నిలువుగా వణకడం మొదలెట్టింది, అదీ గడి మధ్యలో ఉన్నప్పుడే. ముగ్గురిలో ఎవరికి వాళ్లు తమ చేయే వణుకుతోందనుకుని స్టిక్‌ని మరింత బిగించి పట్టుకున్నారు. దాంతో దిద్దుబాట్లు పెద్దవై, చుక్క గడి దాటి అవతలికి పోయేది. వారం తర్వాతే అసలు సంగతి తేలింది. విండోస్‌లో 'జాయ్ డాట్ సీపీఎల్' అని టైప్ చేస్తే గేమ్ కంట్రోలర్ల కిటికీ తెరుచుకుంటుంది. అందులో స్టిక్‌ని ఎవరూ ముట్టుకోకపోయినా ప్లస్ గుర్తు దానంతటదే చిటుక్కు చిటుక్కుమని గెంతుతోంది.

కారణం కష్టమైనదేమీ కాదు. వాల్యూమ్ లోపల కార్బన్ పూత మీద చిన్న లోహపు నాలుక రాసుకుంటూ తిరుగుతుంది. సాధనలో స్టిక్ ఎక్కువసేపు ఉండేది నడిమధ్యే కాబట్టి పూత ముందు అక్కడే అరుగుతుంది. సముద్రం దగ్గరి ఊరు, ఏడాదిలో సగం రోజులు ఉక్కపోత. రాలిన కార్బన్ పొడికి ఆ తేమ తోడైతే రీడింగ్ ఒకచోట నిలవదు.

ముందు సాఫ్ట్‌వేర్‌లో డెడ్‌జోన్, అంటే నడిమధ్య కదలికని లెక్కచేయని మేర, 5 శాతం పెట్టి చూశాం. వణుకు కనబడకుండా పోయింది గానీ అంతకంటే పెద్ద చెరుపు జరిగింది. నడిమధ్య స్టిక్ కదిపినా చుక్క కదలదు. చేయి ఇంకాస్త నెడుతుంది, చుక్క ఒక్కసారిగా ఉరుకుతుంది. పది రోజుల్లో ముగ్గురి చేతికీ 'ఆగి నెట్టడం' అలవాటైపోయింది. దాన్ని పోగొట్టుకోవడానికి నెల పట్టింది. వణుకుకి డెడ్‌జోన్ మందు కాదు, దాన్ని సున్నా దగ్గరే ఉంచండి.

తర్వాత అడుగు భాగం స్క్రూలు విప్పి, కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు కొట్టి, ఇరుసుని ముప్పై నలభై సార్లు అటూ ఇటూ తిప్పాం. మూడు వారాలు బాగుంది, మళ్లీ మొదలు. ఇక మార్చక తప్పలేదు. ఏడు రోడ్ల కూడలి దగ్గర ఒక షాపులో 10 కిలో ఓమ్స్ వాల్యూమ్ ఇచ్చారు. బిగిస్తే కొత్త పేచీ: స్టిక్‌ని ముందుకు నెడితే చుక్క నత్తలా, వెనక్కి లాగితే పరుగో పరుగు. వాల్యూమ్ వీపు మీద చూస్తే 'ఎ10కె' అని ఉంది. 'ఎ' అంటే పాటల సౌండ్ కోసం చేసిన లాగ్ రకం, సగం తిప్పితే సగం విలువ రాదు. మనకి కావలసింది 'బి10కె', తిప్పినంత మేరకే విలువ మారే లీనియర్ రకం. అది పెట్టి, మళ్లీ క్యాలిబ్రేట్ చేశాక చుక్క మేకు కొట్టినట్టు నిలబడింది. కొనేటప్పుడు ఇరుసు పొడవు, దాని చివర చదునుగా చెక్కిన వైపు పాతదానితో సరిపోయాయో లేదో చూసుకోండి. లేదంటే పిడి లోపల వదులుగా ఆడుతుంది.

పెడల్స్‌కి వంక పెట్టక్కర్లేదని మొదట్లో చాలామందికి చెప్పాం. ఆ మాట కొంత సవరించుకోవాలి. టైల్స్ నేల మీద అవి జారిపోతాయి. చక్రాల కుర్చీలో కూర్చుంటే కుర్చీ వెనక్కి పోతుంది. నాలుగడుగుల ప్లైవుడ్ పలక ఒక చివర పెడల్స్‌కి స్క్రూలు బిగించి, అదే పలక మీద ప్లాస్టిక్ కుర్చీ నాలుగు కాళ్లూ వచ్చేలా వేశాం. మన బరువే దాన్ని కదలనివ్వదు. మడమ నేలకి ఆనించి చీలమండతో తొక్కాలి. తొడ లేస్తోందంటే కుర్చీ బాగా దగ్గరగా ఉన్నట్టే. వట్టికాళ్లతో వచ్చిన ఒడుపు బూట్లేసుకోగానే సగం పోతుంది, అందుకే బూట్లతోనే చేయండి.

ఒక విడతకి మూడు నిమిషాలు, ఆ తర్వాత రెండు నిమిషాల విరామం, రోజుకి ఆరు విడతలు. అంతకు మించితే అలసిన చేయి తప్పులే నేర్చుకుంటుంది.

పరీక్షలో విమానం డయల్స్ చదవాల్సిన ఇన్‌స్ట్రుమెంట్ల భాగానికి ఈ సెట్టు అక్కరకు రాదు, దానికి అట్టముక్కల మీద గీసుకున్న బొమ్మలు చాలు. ఎక్కువమంది తప్పేది ఎత్తు చూపే ఆల్టిమీటర్ దగ్గర. అందులో పెద్ద ముల్లు వందలు, చిన్న ముల్లు వేలు. పెద్ద ముల్లు 9 మీద, చిన్న ముల్లు 3కి కాస్త ఇవతల ఉంటే అది 2,900 అడుగులు, 3,900 కాదు. విమానం ఎటు ఒరిగిందో చూపే కృత్రిమ క్షితిజంలో కదిలేది క్షితిజ రేఖ, విమానం గుర్తు కాదు. ఇది మనసుకి పట్టేదాకా ఎడమ, కుడి తారుమారవుతూనే ఉంటాయి.

కొనాలా వద్దా అంటే, ముగ్గురు కలిసి ఖర్చు పంచుకున్నాం గనుక, స్క్రూడ్రైవర్ పట్టడం వచ్చు గనుక మాకు గిట్టింది. ఒక్కరే కొనేట్టయితే, చేతిలో డబ్బుంటే, అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్ స్టిక్ తీసుకోండి. అందులో రాసుకునే భాగమే ఉండదు. మైసూరులోనో డెహ్రాడూన్‌లోనో ఎయిర్‌ఫోర్స్ ఎంపిక బోర్డు ముందుంచే యంత్రం దీనిలా ఉండదు, స్టిక్ బిగువూ వేరే. అక్కడ ముందుగా చెప్పే సూచనలు చెవిన పెట్టకుండా ఇంటి అలవాటుతో దూకితే నష్టమే. ఇక డబ్బు తీసేముందు టేపు తీయండి, ఫ్లయింగ్ బ్రాంచ్‌కి ఒంటి కొలతలూ సరిపోవాలి: ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు, కాలి పొడవు 99 నుంచి 120 మధ్య, కూర్చున్న ఎత్తు 81.5 నుంచి 96 మధ్య, తొడ పొడవు 64కి మించకూడదు. మా గదిలో ఆ కొలతలు గోడ మీద పెన్సిల్‌తో రాసి ఉంటాయి. ఎవరైనా సెట్టు గురించి అడగడానికొస్తే ముందు ఆ గోడకి ఆనించి నిలబెడతాం.