ఏథెన్స్‌లో థీసియస్ వెంట ఒక పూట: ఈ వాకింగ్ టూర్‌కి వెళ్లొచ్చా?

వెళ్లండి. కాకపోతే ఒక్క చోట నాకు బాగా కోపమొచ్చింది, అది కూడా చెప్తాను.

థీసియస్ అంటే గ్రీకు పురాణాల్లో ఏథెన్స్ రాజు, వీరుడు. టూర్ మొదలయ్యేది పాత అగోరాలోని, అంటే పురాతన నగరంలో జనం కూడే సంత మైదానంలోని, కమ్మరి దేవుడు హెఫాయిస్టస్ గుడి దగ్గర. తూర్పు ముఖాన పది పలకల మీద ఇంకో పురాణ వీరుడు హెరాక్లీస్ సాహసాలు, పక్కల ఎనిమిదింటి మీద థీసియస్‌వి. ఈ చెక్కడాల వల్లే జనం చాలాకాలం దీన్ని థీసియస్ గుడి అనుకున్నారు, పక్కనున్న మెట్రో స్టేషన్ పేరు ఇప్పటికీ థిసియోనే. ఏథెన్స్‌కి పోటీ నగరమైన స్పార్టా రాజులు తాము హెరాక్లీస్ వంశమని చెప్పుకునేవాళ్లు కాబట్టి ఏథెన్స్‌కి అచ్చంగా తనవాడైన వీరుడు కావాల్సొచ్చిందని గైడ్ ఆ పలకలు చూపిస్తూ చెప్తుంటే ఎంత బాగా అర్థమైందో!

తర్వాత ఏథెన్స్ సేనాని కిమోన్ కథ. క్రీ.పూ. 475 ప్రాంతంలో స్కైరోస్ దీవిని పట్టుకుని, అక్కడ ఒక భారీ మనిషి ఎముకలు, పక్కనే కంచు ఈటె, కత్తి దొరికితే ఇవి థీసియస్‌వేనని ఓడలో తెచ్చాడని, ఊరు ఊరంతా ఊరేగింపుగా ఎదురెళ్లిందని పాతకాలపు గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. దీవి ఏథెన్స్‌కి దక్కింది, కిమోన్‌కి జనంలో పలుకుబడి పెరిగింది. స్పార్టా అంతకుముందే ఇలాగే తెగియా అనే ఊరి నుంచి ఇంకో పురాణ వీరుడు ఒరెస్టీస్‌వంటూ ఎముకలు తెచ్చుకుంది.

ఇక నా కోపం. పదిమంది వీరుల విగ్రహాలు వరసగా నిలబడిన పీఠం దగ్గర మమ్మల్ని ఐదు నిమిషాలు కూడా ఉంచలేదు! క్రీ.పూ. 508లో ఏథెన్స్ నాయకుడు క్లీస్తనీస్ పౌరుల పాత నాలుగు తెగల స్థానంలో పది పెట్టాడు, నగరంవాళ్లు, తీరంవాళ్లు, లోపలి పల్లెలవాళ్లు ఒకే తెగలో కలిసేలా. నూరుమంది వీరుల పేర్లు పంపితే, దేవుడి మాట చెప్పే డెల్ఫీ గుడి పూజారిణి పది ఎంచిందట, ఒక్కో తెగకి ఒక్కో పేరు. సలామిస్ దీవివాడు, అంటే బయటివాడైన అజాక్స్‌కి కూడా అందులో చోటిచ్చారు. కొత్త చట్టాల ముసాయిదాలు, సైన్యంలోకి పిలుపులు ఆ విగ్రహాల కిందే అంటించేవాళ్లు. మనిషి తన తెగ వీరుడి కాళ్ల దగ్గరికొచ్చి తన పేరు ఉందో లేదో చూసుకునేవాడన్నమాట! ఇప్పుడు మిగిలింది పీఠం, కంచె రాళ్లే కాబట్టి ఎవరో ఒకరు చెప్తేనే తెలుస్తుంది, అక్కడే హడావిడి చేస్తే ఎలా?

చివరికి హాడ్రియన్ తోరణం. ఒకవైపు ఇది థీసియస్ పాత నగరమని, ఇంకోవైపు ఇది హాడ్రియన్ నగరం, థీసియస్‌ది కాదని చెక్కి ఉంది. రోమన్ చక్రవర్తి పేరు నిలబెట్టాలన్నా థీసియస్ పేరెత్తకుండా కుదరలేదు.

ఐదుకి నాలుగిస్తాను. మర్నాడు ఒక్కడినే మళ్లీ టికెట్ కొనుక్కుని వెళ్లి, ఆ పీఠం దగ్గర గంటసేపు కూర్చున్నాను.