జూపిటర్ తల బొమ్మ: గడ్డానికి ఫుల్ మార్కులు, మెరుపుకు సున్నా

నల్లగొండలో ఫైన్ ఆర్ట్స్ ఎంట్రన్స్‌కు పిల్లలకు డ్రాయింగ్ చెప్తుంటాను. పానగల్లు పచ్చల సోమేశ్వరాలయానికి కూడా తీసుకెళ్తా. స్తంభాల మీది రామాయణ, భారత కథలు గీతకు మంచి పాఠమే కానీ, నల్లరాయి మీద వెలుగు నీడలోకి జారే మధ్య షేడ్లు పట్టుకోవడం కష్టం. తెల్లటి ముఖం ఒకటి కావాలని 4,200 పెట్టి ఆన్‌లైన్‌లో రోమన్ల దేవతల రాజు జూపిటర్‌ది ఈ తల తెప్పించాను. ఎత్తు పద్నాలుగు అంగుళాలు.

అసలు తల వాటికన్ మ్యూజియంలో, గుండ్రటి హాల్లో ఉంది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో పోప్ ఆరవ పయస్ తవ్విస్తే ఇటలీలోని ఒట్రికోలిలో బయటపడింది. గ్రీకు విగ్రహాన్ని చూసి రోమన్ల కాలంలో చెక్కింది. అమ్మేవాళ్లేమో ‘గ్రీకు ఒరిజినల్ డిజైన్, అచ్చ పాలరాయి’ అని రాసుకున్నారు. పాలరాయైతే ఈ సైజుకు ఇరవై కిలోలన్నా తూగాలి. ఇది మూడున్నర! రాతిపొడి కలిపిన రెజిన్, లోపలంతా డొల్ల. షోకేస్ కోసమైతే దండగ.

అయినా వాపసు పంపలేదు, ఆ గడ్డం చూసి. రోమన్ శిల్పులు బరమాతో లోతుగా తొలిచి పాయకు పాయ విడదీసేవాళ్లు. ఆ సందుల్లోనే నీడ చిక్కగా నిలుస్తుంది. అచ్చులో ఆ లోతు చాలామటుకు దిగింది. జుట్టు నుదుటి మీంచి పైకి లేచి సింహం జూలులా రెండు పక్కలా పడుతుంది. నుదుటికి అడ్డంగా ఒక ముడత, దాని కింద కనుబొమల ఉబ్బు. ట్యూబ్‌లైట్ ఆర్పేసి ఒక్క కిటికీ తెరిస్తే కింది పెదవి నీడ కూడా విడిగా తెలుస్తుంది. మా క్లాసులో ఒకమ్మాయి గీస్తూ గీస్తూ “సార్, గీ గడ్డం ఒడిసేసరికి పొద్దు గూకుతది” అన్నది. గూకింది కూడా.

చెవుల దగ్గర మాత్రం వెంట్రుకలు ముద్దగా ఉన్నాయి. పైన కొట్టిన వార్నిష్ ఇంకా అన్యాయం. ఎక్కడపడితే అక్కడ తళుక్కుమంటే పిల్లలు ఆ మెరుపు చుక్కలనే గీస్తారు, ముఖం పోతుంది. తడి ఎమరీ పేపర్‌తో మెల్లగా రుద్ది తీసేశాను. కొనేవాళ్లు మ్యాట్ ఫినిష్ ఉందా అని ముందే అడగండి.

ప్యాకింగ్‌లో థర్మోకోల్ పలచన. ఒక పాయ కొస విరిగి వచ్చింది. ఫోటో పంపమన్నారు, పంపాను. డబ్బా విప్పిన వీడియో ఏదన్నారు. డబ్బా విప్పేటప్పుడు వీడియో ఎవరు తీస్తారండీ? అరల్డైట్‌తో నేనే అతికించుకున్నాను.