ఐరన్ ఆక్సైడ్ నానో కణాలకు ఏది మేలు: మోస్‌బవరా, మాగ్నెటోమీటరా?

"మాగ్నెటోమీటర్‌లో బ్లాకింగ్ టెంపరేచర్ 40 కెల్విన్ వచ్చింది, మోస్‌బవర్‌ 200 అంటోంది. ఏది నమ్మాలి?" అంకెలు మారతాయి గానీ నన్ను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఇదే. బ్లాకింగ్ టెంపరేచర్ అంటే, వేడి పెంచే కొద్దీ కణాల అయస్కాంత దిశ నిలకడ తప్పి అటూ ఇటూ తిరగబడడం మొదలయ్యే ఉష్ణోగ్రత. మాగ్నెటోమీటర్ మొత్తం పొడి అయస్కాంతత్వాన్ని కొలుస్తుంది, మోస్‌బవర్ స్పెక్ట్రోస్కోపీ గామా కిరణాలతో ఇనుము కేంద్రకాలను చూస్తుంది. శాంపిల్ పాడైందేమోనని టెన్షన్ పడేవాళ్లూ ఉన్నారు. శాంపిల్‌కేమీ కాలేదు. రెండు యంత్రాల గడియారాలు వేరు, అంతే.

మాగ్నెటోమీటర్ ఒక్కో రీడింగ్‌కి పదుల సెకన్లు తీసుకుంటుంది. ఆలోపు కణం తన అయస్కాంత దిశను అటూ ఇటూ మార్చేసుకుంటూ ఉంటే దాని లెక్కలో అది వదులైపోయినట్టే. మోస్‌బవర్‌లో ఇనుము-57 (ఇనుములో ఒక ఐసోటోప్) కేంద్రకం చూసేది సుమారుగా సెకనులో పది కోట్లవ వంతు. అంతలో తిరగబడని కణం దానికి ఇంకా బిగుసుకునే ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే కణాలు దూరదూరంగా ఉన్నప్పుడు మోస్‌బవర్ అంకె నాలుగైదు రెట్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ వస్తుంది. ఈ తేడాను బట్టే కణం తిరగబడడానికి దాటాల్సిన శక్తి అవరోధాన్ని అంచనా కట్టవచ్చు. రెండూ చేయగలిగితే అదృష్టమే.

ఒక్కటే చేయాలంటే నా ఓటు మోస్‌బవర్‌కి. చలిలో దాని స్పెక్ట్రమ్‌లో ఆరు గీతలు విడివిడిగా ఉంటాయి. వేడి పెంచే కొద్దీ అవి లోపలివైపు జారి బొద్దుగా అవుతాయి, నడుమ రెండు గీతలు మొలుస్తాయి. చాలా ఉష్ణోగ్రతల మేర ఆరూ రెండూ పక్కపక్కనే ఉంటాయి. అంటే చిన్న కణాలు వదులయ్యాయి, పెద్దవి ఇంకా పట్టుకునే ఉన్నాయి. ఆరు గీతల విస్తీర్ణం, రెండు గీతల విస్తీర్ణం సమానమైన చోటునే మోస్‌బవర్‌లో బ్లాకింగ్ టెంపరేచర్ అంటాం. మాగ్నెటోమీటర్‌లో ఇదంతా కలిసి ఒక్క మూపురంలా కనిపిస్తుంది.

హెమటైట్ అనే ఐరన్ ఆక్సైడ్‌లో మోరిన్ మార్పు (చల్లబరిస్తే లోపలి అయస్కాంత దిశలు మళ్లిపోవడం) వెతికేవాళ్లకైతే రెండో ఆలోచనే అక్కర్లేదు. పెద్ద స్ఫటికాల్లో ఇది 263 కెల్విన్ దగ్గర జరుగుతుంది. కణం చిన్నదయ్యే కొద్దీ కిందికి దిగుతుంది, మరీ చిన్నవాటిలో కనబడకుండానే పోతుంది. హెమటైట్ అయస్కాంతత్వం గ్రాముకి 0.4 ఈఎమ్‌యూ (అయస్కాంతత్వపు కొలమానం) మాత్రమే. మరో ఐరన్ ఆక్సైడ్ మాగ్‌హెమైట్‌ది 70కి పైమాటే. పొడిలో మాగ్‌హెమైట్ ఒక్క శాతం కలిసినా మాగ్నెటోమీటర్‌కి దాని గోలే ఎక్కువ వినిపిస్తుంది. మోస్‌బవర్‌లో ఆ ఒక్క శాతం దాదాపు ఒక్క శాతంగానే ఉంటుంది. చల్లబడుతూ మోరిన్ మార్పు దాటగానే హెమటైట్ గీతల క్వాడ్రపోల్ షిఫ్ట్ (గీతల స్థానాల్లో చిన్న జరుగుడు) మాత్రం సెకనుకి -0.2 నుంచి +0.4 మిల్లీమీటర్లకు గెంతుతుంది (మోస్‌బవర్‌లో శక్తిని సోర్స్ కదిలే వేగం లెక్కలో చెబుతారు). ప్లస్-మైనస్ గుర్తే మారిపోయాక ఇక వాదనేముంది?

అలాగని మాగ్నెటోమీటర్‌ని తీసిపారేయలేం. కొన్ని మిల్లీగ్రాముల పొడి చాలు, కొన్ని గంటల్లో వంపు చేతికొస్తుంది. కోయర్సివిటీ (అయస్కాంతత్వాన్ని సున్నాకి తేవడానికి పెట్టాల్సిన ఎదురు క్షేత్రం) కావాలంటే దాని దగ్గరికే పోవాలి. మోస్‌బవర్‌లో ఒక్కో ఉష్ణోగ్రతకి ఒక రోజు పట్టడం మామూలే. గామా కిరణాలిచ్చే కోబాల్ట్-57 సోర్స్ సగం బలం 272 రోజుల్లో పోతుంది కాబట్టి, పాతదైతే రెండు మూడు రోజులు కూర్చోవాలి. నేను మాగ్నెటోమీటర్ వంపు చూశాకే మోస్‌బవర్‌కి ఏయే ఉష్ణోగ్రతలు పెట్టాలో తేల్చుకుంటాను.

ఇనుము-57 ఎన్ఎమ్ఆర్ (కేంద్రకాలిచ్చే రేడియో సిగ్నల్‌ని చూసే పద్ధతి) సంగతీ అడుగుతుంటారు. సిగ్నల్ మరీ బలహీనం, వదులయ్యే కణాల దగ్గర అసలే నిలవదు. సింక్రోట్రాన్‌లో (బలమైన ఎక్స్-రేలిచ్చే భారీ యంత్రంలో) చేసే న్యూక్లియర్ ఫార్వర్డ్ స్కాటరింగ్ అనే మోస్‌బవర్ తరహా పద్ధతి అతి పలచని పొరలకీ, విపరీతమైన ఒత్తిడి కింద పెట్టే శాంపిళ్లకీ బాగుంటుంది. మామూలు పొడి కోసం అక్కడ బీమ్ టైమ్‌కి (యంత్రం వాడుకునే సమయానికి) దరఖాస్తు పెట్టుకోవడం దండగ.